మీ ఇరవై రూపాయల లెక్క, ఇంకా తెరవని కాలేజీ సంగతి

విజయవాడ గవర్నరుపేటలో మా ఫ్రేముల షాపులో కట్టించుకున్న ప్రతి ఫ్రేము బిల్లులోంచి ఇరవై రూపాయలు పక్కన పెడతానని 2023 ఉగాదికి మీకు చెప్పాను. తెనాలి దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో చిత్రకళ, శిల్పం నేర్పే కాలేజీ పెట్టాలని మొదలుపెట్టిన పని అది. ఈ జూన్‌లో మొదటి బ్యాచ్ అని కూడా చెప్పాను. అది జరగడం లేదు. వచ్చే జూన్‌కైనా అవుతుందని మాట ఇవ్వలేను. కౌంటర్ దగ్గర ఎవరైనా అడిగితే "పనులు నడుస్తున్నాయండీ" అని మూడు నెలలుగా దాటవేస్తూ వచ్చాను. అలా చేసి ఉండకూడదు. క్షమించండి.

ముందు లెక్క చెబుతాను. 9,140 ఫ్రేముల మీద 1,82,800 రూపాయలు వచ్చాయి. మీలో కొందరు విడిగా ఇచ్చింది 2,41,500. మొత్తం 4,24,300. ట్రస్టు రిజిస్ట్రేషన్‌కి, ఆడిటర్‌కి 38,000 అయింది. పొలం సర్వేకి, మట్టి పరీక్షకి 27,000. ఇంకో అరవై వేలు ఒక మనిషికి ఇచ్చాను. నన్ను నిద్రపోనివ్వనిది ఆ అరవై వేలే.

కాలేజీకి యూనివర్సిటీ అనుబంధం, అంటే గుర్తింపు, తానే దగ్గరుండి ఇప్పిస్తానని అతను వచ్చాడు. అలాంటి కాలేజీల ఫైళ్ళు నాలుగైదు చూపించాడు. ట్రస్టులో ఉన్న మా మేనమామ "తొందరపడకమ్మా, ఒకసారి యూనివర్సిటీ ఆఫీసుకి మనమే వెళ్ళి అడుగుదాం" అన్నాడు. నేను వినలేదు. రెండు నెలల తర్వాత అతని ఫోను పనిచేయలేదు. అప్పుడు మేమే వెళ్ళి అడిగితే, అక్కడి గుమాస్తా గారు ఓపిగ్గా కూర్చోబెట్టి ఏమేం కావాలో అన్నీ చెప్పారు. ఒక్క రూపాయి అడగలేదు. ఆ అరవై వేలు మీవి కాబట్టి నా జేబులోంచి తిరిగి కడుతున్నాను. ఇప్పటికి 36,000 వేశాను, ఇంకా 24,000 వేయాలి. ఈరోజు ట్రస్టు ఖాతాలో 3,35,300 ఉన్నాయి.

ఇంకో విషయం కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లోని మా గోడౌన్ నీళ్ళలో ఉండిపోయింది. ఫ్రేములు కట్టే చెక్క బీడింగు ఉబ్బిపోయింది, మౌంట్ బోర్డులు, డ్రాయింగ్ పేపరు ముద్దయిపోయాయి. ఆ తర్వాత నాలుగు నెలలు మీ బిల్లుల్లో ఇరవై రూపాయలు తీశాను గానీ ఖాతాలో వేయలేకపోయాను, జీతాలకు వాడాను. అదంతా తర్వాత వేసేశాను, పైన చెప్పిన మొత్తంలో అది కలిసే ఉంది. అయినా మీకు అప్పుడే చెప్పాల్సింది.

కాలేజీ ఎందుకు ఆగిందంటే, మామయ్య ఇచ్చిన ఎకరం పొలం నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మామూలు పునాది నిలవదని ఇంజనీరు గారు చెప్పారు. నాలుగు గదులు, ఒక శిల్పం షెడ్డు కట్టడానికే అరవై లక్షల అంచనా వేశారు. దానికి తోడు బ్యాంకులో డిపాజిట్, లైబ్రరీ, ఎంఎఫ్ఏ (కళల్లో పీజీ) చదివిన అధ్యాపకులు ఉండాలి. వాళ్ళ జీతాలు పిల్లల ఫీజుల్లోంచే రావాలంటే, ఆ ఊరి కూలీల పిల్లలు చేరలేరు. ఈ సంగతి నేను మొదట్లోనే లెక్క వేసుకోలేదు.

"పల్లెటూళ్ళో ఆర్ట్ కాలేజీ ఎందుకమ్మా, విజయవాడలోనే పెట్టొచ్చుగా" అని చాలామంది అడిగారు. బీఎఫ్ఏ (కళల్లో డిగ్రీ) అనగానే మా షాపుకొచ్చే పిల్లలు విశాఖ, కడప, హైదరాబాద్ పేర్లు చెబుతారు. హాస్టల్ ఖర్చు తలచుకుని ఆడపిల్లలు అక్కడితో మానుకుంటున్నారు. కానీ కంచు విగ్రహాలు పోసేవాళ్ళు, ఇనుప తుక్కుతో బొమ్మలు నిలబెట్టేవాళ్ళు తెనాలిలోనే ఉన్నారు. గురువులు అంత దగ్గర ఉండగా పిల్లలు అంత దూరం పోవడమేమిటి? 1910లో కోపల్లె హనుమంతరావు గారు, పట్టాభి సీతారామయ్య గారు, ముట్నూరి కృష్ణారావు గారు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. అక్కడ ప్రమోద్ కుమార్ ఛటోపాధ్యాయ గారి దగ్గర అడివి బాపిరాజు గారు బొమ్మలు నేర్చుకున్నారు. కలకత్తా గురువును బందరుకు రప్పించుకున్న నేల ఇది.

మా నాన్న సినిమా హాళ్ళకు బ్యానర్లు రాసేవారు. ఆరడుగుల ముఖాన్ని గళ్ళు గీసుకోకుండా వేసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది. ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేరదామని వెళ్తే సర్టిఫికెట్ అడిగారు. ఆయన దగ్గర లేదు. తిరిగొచ్చి షాపు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నారు. నాకప్పుడు పదిహేనేళ్ళు.

అందుకే కాలేజీ అనుమతి కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఊళ్ళో మామయ్య వాళ్ళ పాత పొగాకు బ్యారన్‌ని శుభ్రం చేయించి ఆదివారం క్లాసులు మొదలుపెడుతున్నాం. ప్రభుత్వం పెట్టే లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలకు పిల్లల్ని తయారు చేస్తాం. ఫీజు లేదు. ఇప్పటికి 23 మంది పేర్లిచ్చారు, అందులో 14 మంది ఆడపిల్లలు. తెనాలి నుంచి ఒక శిల్పి నెలకు రెండు ఆదివారాలు వచ్చి మట్టి పని నేర్పుతానన్నారు. దారి ఖర్చు తప్ప ఏమీ వద్దన్నారు. ట్రస్టు ఖాతాలో డబ్బు ముట్టుకోకుండా ఈ క్లాసుల ఖర్చు షాపే పెట్టుకుంటుంది. దానికోసం చిన్న ఫ్రేముల మీద పదిహేను, పెద్ద వాటి మీద నలభై రూపాయలు పెంచుతున్నాను.

ఇరవై రూపాయలు ఇకనుంచి మీరు సరేనంటేనే తీస్తాం, బిల్లు రాసేముందు కుర్రాళ్ళు అడుగుతారు. కాలేజీ కోసమని విడిగా ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోవాలనుకుంటే సంక్రాంతిలోపు రసీదు తీసుకురండి, కారణం అడగం. రసీదు పోయినా పరవాలేదు, పుస్తకంలో మీ పేరు ఉంటుంది. ఆ పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు కౌంటర్ మీదే పెట్టాను. మీ ఇంట్లో వాడని ఈజిల్, డ్రాయింగ్ బోర్డు, సగం మిగిలిన రంగు డబ్బాలు ఉంటే శనివారం సాయంత్రంలోపు షాపులో ఇవ్వండి. ఆదివారం ఉదయం ఆరున్నరకు ఆటో ఊరికి బయల్దేరుతుంది.