మెంటరింగ్‌కు శనివారం రెండు పీరియడ్లు ఇప్పించండి: హైదరాబాద్ జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

సర్కారు బడుల్లో ఆడపిల్లలకు మెంటరింగ్ (తోడుండి దారి చూపడం) అంటే చాలాచోట్ల మార్చి 8న ఒక అతిథి, ఒక శాలువా, గంట ఉపన్యాసం. దాన్ని ఆపమనడం లేదు, మెంటరింగ్ లెక్కలో రాయొద్దంటున్నాం. ఒకే మనిషి వారం వారం వచ్చి, పోయినవారం పిల్ల చెప్పింది గుర్తుపెట్టుకుని అడిగితేనే ఆ పిల్లకు ధైర్యం వస్తుంది.

ఎనిమిదో తరగతితో మొదలుపెట్టించండి. పదిలో స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు ఊపిరాడనివ్వవు. గుంపుకు ఆరుగురే ఉండాలి. పదిమంది దాటితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. ఎంపిక టీచర్లకు వదిలేస్తే ఫస్ట్ ర్యాంకు పిల్లలే వస్తారు, బడి పరువు నిలబెట్టేది వాళ్లే కదా! హాజరు పట్టీ తెప్పించి, నాగాలు పెరుగుతున్న పిల్లల్ని ముందు తీసుకోవాలి. శనివారం చివరి రెండు పీరియడ్లు సరిపోతాయి. బడి వదిలాక పెడితే చెల్లెల్ని చూసుకోవాల్సిన పిల్ల, నల్లా వచ్చే టైముకు బిందెలు పెట్టాల్సిన పిల్ల రారు. ఈ పనంతా వాళ్లకోసమే.

"పెద్దయ్యాక ఏమవుతావు?" అంటే "డాక్టర్, టీచర్, పోలీస్" అని చెప్పి కూర్చుంటారు. అందుకే ప్రశ్నకు బదులు పని ఇవ్వాలి. మొదట పక్కనున్న పిల్లతో రెండు నిమిషాలు మాట్లాడటం, తర్వాత ఆరుగురి ముందు, ఆపైన క్లాసులో. ప్రార్థనలో మైకు దసరా సెలవులయ్యాకే. మొదటి వారమే మైకిస్తే గొంతు పట్టేసి ఏడాదంతా దాని జోలికి పోరు. మధ్యమధ్య బయటి పనులు: పోస్టాఫీసులో డబ్బు కట్టే ఫారం నింపడం, ఆధార్‌లో పేరు దిద్దించడానికి ఏ కాగితాలు కావాలో కౌంటర్లో అడగడం, పది తర్వాత పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష), ఐటీఐ, బాసర ట్రిపుల్ ఐటీ దారులు ఇంట్లోవాళ్లకు తనే వివరించడం. ఉత్త "శభాష్" పనిచేయదు. "మధ్యలో తడబడ్డావు, అయినా వాక్యం పూర్తిచేశావు" అంటే ఏం బాగుందో పిల్లకు తెలుస్తుంది. అన్నట్టు, పాతబస్తీకి ఉర్దూ వచ్చిన మెంటర్లనే పంపాలి.

పథకం చెడేది మెంటర్లు మధ్యలో మానేసినప్పుడు. మూడు నెలల్లోపే తెగిపోయిన మెంటరు-పిల్ల జోడీల్లో పిల్లలకు తమమీద తమకున్న విలువ తగ్గిందనీ, ఏడాదికి పైగా సాగినవాటిలోనే మేలు ఎక్కువనీ అమెరికాలో 2002లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. తన వల్లే మెంటరు రావడం మానేసిందనుకుంటుంది పిల్ల. డిగ్రీ అమ్మాయిలు ఉత్సాహంగా వస్తారు, సెమిస్టర్ పరీక్షలు రాగానే కనబడరు. కాబట్టి గుంపుకు ఇద్దరు కావాలి: ఒక విద్యార్థిని, ఒక ఉద్యోగిని. కోఠి మహిళా విశ్వవిద్యాలయాన్ని అడగొచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు గనుక ఛార్జీల బెడదా లేదు.

పోలీసు వెరిఫికేషన్ లేనిదే ఎవరినీ గేటు దాటనివ్వొద్దు. గది తలుపు తెరిచే ఉండాలి. కానుకలు, సెల్ఫీలు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడాలు వద్దు. "ఎవరికీ చెప్పను" అని మెంటరు మాటివ్వకూడదు. పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలన్నది పోక్సో చట్టం. పెళ్లి మాటలు నడుస్తున్నాయని వింటే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి. ఈ సంగతులు మొదటి రోజే పిల్లలకూ చెప్పాలి.

పీరియడ్లపై జిల్లా విద్యాశాఖాధికారి చేత ఉత్తర్వు ఇప్పించండి. వెరిఫికేషన్లు వేసవి సెలవుల్లోనే ముగించాలి. జూన్‌లో దరఖాస్తులు తీసుకుంటే పిల్లలతో పని దసరాకు గానీ మొదలుకాదు.

ఇట్లు,
సర్కారు బడుల బాలికా మెంటర్లు, హైదరాబాద్