లైసెన్సు మార్చి తప్పు చేశాను, పాతదానికే వెళ్తున్నాం

ధాన్యం కమీషన్ షాపుల్లో, మిల్లుల్లో మా బిల్లింగ్ ప్రోగ్రాం వాడుతున్న అందరికీ చెప్పాల్సిన సంగతి. రెండు నెలల కిందట కొత్త వెర్షన్‌తో పాటు "కాపీ చేయరాదు, ఇంకొకరికి ఇవ్వరాదు" అని ఒక కాగితం పంపాను గుర్తుందా? దాన్ని చించేయండి, అది చెల్లదు. మొదట్నుంచీ ఉన్న జీపీఎల్ కిందే, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్సు కిందే మళ్లీ ఇస్తున్నాను.

అసలు ఎందుకు మార్చానంటే, గూడూరు వైపు ఒకతను మన ప్రోగ్రామే తీసుకుని, మా పేర్లన్నీ చెరిపేసి, తన పేరు పెట్టి అమ్ముతున్నాడు. మన పాత కస్టమరే ఒకాయన దాన్ని నాకు చూపించి "నీదానికన్నా ఇది బాగుందబ్బయా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నిజానికి అమ్ముకోవడం తప్పు కాదు, జీపీఎల్ ఆ హక్కు ఎవరికైనా ఇస్తుంది. పేర్లు చెరిపేయడం, కొన్నవాళ్లకి సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) ఇవ్వకపోవడం తప్పు. వాడికి నోటీసు పంపితే సరిపోయేదానికి నేను లైసెన్సే మార్చేశాను. డబ్బులిచ్చి అడిగిన కన్సల్టెంటు కూడా "ప్రాజెక్టు మీదే కదా సార్, మీ ఇష్టం" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి ఫీజు ఎందుకో!

ప్రోగ్రాంలో నూటికి ఎనభై వంతులు నేనే రాశాను, నెల్లూరు మాగుంట లేఅవుట్ అద్దె గదిలో, రాత్రిళ్లు. కానీ ఇంకో ఐదుగురి చేయి కూడా పడింది. వాళ్లు పంపిన కోడ్ మీద కాపీరైట్ వాళ్లదే. మన 1957 చట్టం ప్రకారం అది నాకు రావాలంటే వాళ్లు సంతకం పెట్టిన కాగితం ఉండాలి. నా దగ్గర ఒక్కటీ లేదు. నా ముక్కకి నేను ఏ లైసెన్సైనా పెట్టుకోవచ్చు, మొత్తానికి పెట్టలేను.

ఆ ఐదుగురిలో ఒకడు, కావలి కుర్రాడు, బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, పుట్టి లెక్క ఫైలు పైన నా పేరుండేది, ఏమైంది?" తీసి చూస్తే నిజంగానే లేదు. పాత కాపీలో మొదటి లైను వాడి పేరు, 2016. దాని కింద "పుట్టి అంటే 850 కిలోలు, కిలోల్లో అడిగితే రైతు నవ్వుతాడు" అని రాసుకున్నాడు. అప్పుడు వాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, నేనే కూర్చోబెట్టి నేర్పించా. అలాంటివాడు నాకు అడ్డం చెప్పడమా అని రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

మిగతావాళ్లలో ముగ్గురు కొత్త లైసెన్సుకి సరేనని మెయిల్ పెట్టారు. ఐదో ఆయన కోవూరు మాస్టారు. బిల్లులో తెలుగు ఒత్తులు విడిపోకుండా ప్రింటయ్యేలా చేసింది ఆయనే. కరోనాలో పోయారు. ఆయన పోయాక 60 ఏళ్ల వరకు ఆ హక్కు ఇంటివాళ్లదే. ఆయన భార్య దగ్గరికెళ్లి సంతకం అడగడానికి నాకు నోరు రాలేదు.

వాళ్ల ముక్కలు తీసేసి నేనే మళ్లీ రాద్దామనీ అనుకున్నా. ఇంటర్నెట్ భద్రతకి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాం వాళ్లు లైసెన్సు మార్చడానికి 2017లో సుమారు 400 మందికి మెయిళ్లు పెట్టారు, కొత్త లైసెన్సుతో 3.0 వచ్చేసరికి 2021 అయింది. నాకు ఐదుగురే కాబట్టి కుదిరేదే. వారం కూర్చుని పుట్టి లెక్క రాశా కూడా. రాశాక చూస్తే వాడిదే చూసి రాసినట్టుంది, పదేళ్లుగా ఆ ఫైలు కళ్లముందే ఉందిగా! ఆ రాత్రే వదిలేశా.

మీకు ఇబ్బందేం లేదు. పాత బిల్లులు, రైతుల ఖాతాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కొత్త లైసెన్సు కీ కోసం డబ్బు కట్టినవాళ్లకి ఈ ఏడాది సర్వీసు చార్జీలో తగ్గిస్తాను, వద్దు చేతికే కావాలంటే చేతికే ఇస్తాను. అందరి పేర్లతో సరిచేసిన వెర్షన్ ఎడగారు పంట కోతలకి ముందే మీ షాపుకొచ్చి వేసిపోతా. గూడూరు ఆయనకి మాత్రం నోటీసు వెళ్తుంది, అందులో తగ్గేది లేదు. కుర్రాడికి ఫోన్ చేశాను, ఇద్దరం పొడిపొడిగానే మాట్లాడుకున్నాం.