ఆ నంబరు సంగతి

ఒరేయ్ ప్రకాశం,

నీ ఉత్తరం వచ్చి చాలాకాలమైంది, నాకు తెలుసు. మొదలుపెట్టడం, మధ్యలో ఎవరో పిలవడం, ఆ కాగితం ఎక్కడ పెట్టానో మరిచిపోవడం, ఇదే వరస. తిట్టుకుని ఉంటావు. ఇంకా కోపం మిగిలి ఉంటే చివర్లో తిట్టు, ముందు నన్ను చెప్పనివ్వు.

నీ ప్రశ్నలకు గబగబా జవాబులు. మోకాలు ఫరవాలేదు. పెద్దవాడి బదిలీ ఖాయమైంది. సరోజ మీ ఆవిడను అడిగినట్టు చెప్పమంది. పింఛను బకాయిల మీద సంఘంవాళ్ళు మళ్ళీ వినతిపత్రం ఇచ్చారు, మళ్ళీ రసీదు తెచ్చుకున్నారు. కనకారావు గారు ఆ గొడుగు ఇప్పటికీ తిరిగివ్వలేదు, అడిగే ధైర్యం నాకూ లేదు. అయిపోయాయి వార్తలు.

ఇక అసలు సంగతి. మా చెల్లెలి మనవరాలు సౌమ్య ఎకనామిక్స్‌లో ఎమ్మే చేస్తోంది కదా. సెమినారుకు వాళ్ళ మేడమ్ ఇచ్చిన అంశం: కంపెనీల డబ్బు ప్రభుత్వ నిర్ణయాలను ఎలా మారుస్తుంది, దానివల్ల ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం ఎలా పెరుగుతుంది అని. "తాతయ్యా, నువ్వు బ్యాంకులో చేశావుగా, ఎలక్టొరల్ బాండు అంటే ఏమిటో సరిగ్గా చెప్పు" అంటూ ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. పావుగంటలో తేలిపోతుందనుకుని కూర్చున్నాను. సరోజ వచ్చి దీపం ఆర్పేదాకా లేవలేదు. నువ్వు పక్కన ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. మనలాంటి గుమస్తా బుద్ధి ఉన్నవాడికి తప్ప ఇందులోని వింత ఎక్కదురా.

కథ నీకు కొంత తెలుసు. పార్టీకి విరాళం ఇవ్వడానికి బ్యాంకులో కొనే పత్రమే ఈ బాండు. 2017 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ ప్రకటించారు, 2018 జనవరిలో నోటిఫికేషను వచ్చింది. స్టేట్ బ్యాంకులో కొనాలి, పదిహేను రోజుల్లో పార్టీ తన ఖాతాలో వేసుకోవాలి. వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి. పేరు ఉండదు, బేరర్ పత్రం. కొనేవాడు మాత్రం కేవైసీ ఇవ్వాలి. దీన్ని ద్రవ్య బిల్లులో కలిపి నడిపించారు కాబట్టి రాజ్యసభకు ఓటు వేసి ఆపే వీలు లేకుండా పోయింది. రిజర్వు బ్యాంకు 2017 జనవరిలోనే వద్దని రాసింది. ఎన్నికల సంఘం మే నెలలో ఇది వెనకడుగు అని రాసింది. రెండు ఉత్తరాలూ ఫైల్లోకి పోయాయి. మన పింఛను వినతిపత్రాలు పోయిన చోటికే అనుకో.

సరే, ఇప్పుడు విను. 2018లో పూనమ్ అగర్వాల్ అనే విలేకరి వెయ్యి రూపాయల బాండ్లు కొని ల్యాబుకు పంపింది. అతినీలలోహిత కాంతి కింద పెడితే మూలన ఒక నంబరు కనబడింది! మామూలు కంటికి కనబడని నంబరు. మన క్యాష్ కౌంటరు కింద ఉండే నీలి దీపం గుర్తుందా? అదేరా, నువ్వు దానికింద పెళ్ళిచూపుల ఫొటో పెట్టి చూసిన దీపం. (ఈ ఉత్తరం మీ ఆవిడకు చూపించకు.) సరే, ఆ వార్త బయటికి రాగానే ఆర్థిక మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. అది దొంగ బాండ్లు రాకుండా పెట్టిన భద్రతా గుర్తు మాత్రమేననీ, కొన్నవాడి పేరుకు ఎదురుగాగానీ వేసుకున్న పార్టీకి ఎదురుగాగానీ ఆ నంబరును బ్యాంకు ఎక్కడా రాసుకోదనీ.

ప్రకాశం, ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. బ్యాంకు ఒక పత్రం జారీ చేస్తుందట, నంబరు రాసుకోదట! డిమాండ్ డ్రాఫ్టు నంబరు రిజిస్టరులో ఎక్కించడం మరిచిన పాపానికి ఆ పిల్లవాడు, పేరు రాయను, నీకు తెలుసు, ఎన్ని మెమోలు తిన్నాడు? లెక్కలో పద్దెనిమిది పైసలు తేడా వచ్చిన రాత్రి మనల్ని ఇళ్ళకు పోనిచ్చారా? అలాంటి చోట కోటి రూపాయల కాగితం నంబరు లేకుండా బయటికి పోతుందంటే దేశంలో ఏ గుమస్తా నమ్ముతాడు? మంత్రులు నమ్మమన్నారు, దేశం నమ్మింది.

ఆరేళ్ళు గడిచాయి. 2017 నుంచీ పడ్డ పిటిషన్ల మీద 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ అధ్యక్షతన ఐదుగురు న్యాయమూర్తులు, ఐదుగురిదీ ఒకే మాట: పథకం రాజ్యాంగ విరుద్ధం. మార్చి 6 లోపు వివరాలన్నీ ఎన్నికల సంఘానికి ఇవ్వమన్నారు. బ్యాంకు ఏమందో తెలుసా? జూన్ 30 దాకా గడువు కావాలంది! కొన్నవాళ్ళ వివరాలు ఒకచోట, వేసుకున్నవాళ్ళ వివరాలు ఇంకోచోట, సీలు కవర్లలో ఉన్నాయి, రెండూ కలిపితే 44,434 పద్దులు, పోల్చి చూడటానికి టైము పడుతుంది అని. మనం అర్ధసంవత్సరపు ముగింపుకు చేత్తో ఎన్ని వేల వోచర్లు టిక్కు పెట్టాం? కంప్యూటర్లున్న దేశపు అతిపెద్ద బ్యాంకుకు నెలలు కావాలట. అప్పటికి లోక్‌సభ ఎన్నికలు అయిపోతాయన్న సంగతి చెప్పక్కర్లేదు. ఇన్ని రోజులూ ఏం చేశారని కోర్టు గట్టిగా అడిగి పిటిషను కొట్టేసింది. మరునాడే వివరాలు అందాయి. ఒక్క రోజులో! మార్చి 14న జాబితాలు బయటికొచ్చాయి.

రెండు జాబితాలు. ఒకదానిలో కొన్నవాళ్ళు, రెండోదానిలో పార్టీలు. మధ్యలో ముడి లేదు, ఎందుకంటే నంబర్లు ఇవ్వలేదు. కోర్టు మళ్ళీ కసిరింది. మార్చి 21న నంబర్లూ వచ్చాయి. రెండువైపులా! కొన్నవాడి పక్కన అదే నంబరు, పార్టీ పక్కన అదే నంబరు. ఎక్కడా రాసుకోము అన్న నంబరే. అంటే అన్నాళ్ళూ రిజిస్టరు ఉంది. ఇచ్చిన కంపెనీకి తాను ఎవరికిచ్చిందో తెలుసు. తీసుకున్న పార్టీకి ఇచ్చినవాడు చెప్పుకోకుండా ఉంటాడా? ప్రభుత్వ బ్యాంకుకు రెండువైపులా తెలుసు. తెలియనిది ఓటు వేసే నీకూ నాకూ. రహస్యమంతా మన నుంచే దాచారు.

సౌమ్యా నేనూ ఆ రెండు జాబితాలు తెరిచి కలిపి చూశాం. కోటి బాండు నంబరుకు ముందు ఓసీ అని ఉంటుంది, పది లక్షలదానికి టీఎల్. నేను పెన్సిలు తీసుకున్నాను, పాత అలవాటు. ఆ పిల్ల నవ్వి ఏదో నొక్కింది, క్షణంలో నంబర్లన్నీ జతలు కూడాయి. నా ముప్పై ఏళ్ళ విద్య అక్కడికక్కడ పింఛను పుచ్చుకుంది. కానీ ఒకటి ఆ పిల్లకు నేనే చూపించాను. వెయ్యి రూపాయల బాండ్లు ఎక్కడున్నాయో వెతకమన్నాను. కళ్ళు నొప్పి పుట్టాయి తప్ప దాదాపు ఏమీ దొరకలేదు. సొమ్ములో పదింట తొమ్మిది వంతులకు పైగా కోటి బాండ్లే. సామాన్యుడి విరాళానికి కూడా చోటుందని చెప్పడానికి వెయ్యి రూపాయలది అచ్చువేశారేమో.

అందరికంటే ఎక్కువ కొన్నది ఎవరో చూడు. లాటరీ కంపెనీ, ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాదు మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. కాంట్రాక్టు కంపెనీ ఇవ్వడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు, ప్రభుత్వమే దానికి ఖాతాదారు. లాటరీ దగ్గరే ఆగిపోయాను. లాటరీ టికెట్టు ఎవరు కొంటారురా? కోటీశ్వరుడు కొంటాడా? రేపటి మీద ఆశ తప్ప చేతిలో ఏమీ లేనివాడు కొంటాడు. వాడి చిల్లర పోగై కోటి బాండయి పార్టీ ఖాతాలో చేరింది. ఇంత చేసినా వాడి మాట వినేవాడు లేడు, డబ్బు వాడిదే, పలుకుబడి ఇంకొకడిది. ఇది సౌమ్యకు చెప్పాలని నోరు తెరిచాను, ఆ పిల్ల అప్పటికే రాసుకుంటోంది.

ఇంకొకటి. అంతకుముందు కంపెనీల చట్టం ప్రకారం మూడేళ్ళ సగటు నికర లాభంలో 7.5 శాతం మించి పార్టీలకు ఇవ్వకూడదు. 2017లో ఆ హద్దు తీసేశారు. ఏ పార్టీకి ఇచ్చారో లెక్కల్లో చూపించాలన్న నిబంధనా తీసేశారు. దాంతో నష్టాల్లో ఉన్న కంపెనీలూ బాండ్లు కొన్నాయి, పత్రికలు పేర్లతో సహా లెక్కతీశాయి. నష్టం చూపించినవాడు అప్పుకు వస్తే మనం ఎన్ని కాగితాలు అడిగేవాళ్ళం? వాడే కోట్లు దానం చేస్తుంటే అది దానం కాదని తెలియడానికి క్రెడిట్ డిపార్టుమెంటులో పని చేసి ఉండాలా? కోర్టూ అదే అంది: కంపెనీ ఇచ్చేది ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీ అని.

మన పార్టీల సంగతి అడుగుతావని తెలుసు. నీదీ ఉంది, నాదీ ఉంది. ఎవరిది ఎంతో రాయను, పాత పందెం గుర్తు చేసి టిఫిను పెట్టించుకుంటావు. భాజపాకు 6,060 కోట్లు, తరవాత తృణమూల్, కాంగ్రెస్, మన బీఆర్ఎస్‌కు కూడా 1,200 కోట్ల పైమాటే. తీసుకోబోమని చెప్పి కోర్టుకు కూడా వెళ్ళిన పెద్ద పార్టీ సీపీఎం.

అంతలో మా బావమరిది వేణు వచ్చి వాదన మొదలుపెట్టాడు. "పూర్వం సంచుల్లో ఇచ్చేవారు కదా బావా, ఇదైనా బ్యాంకు ద్వారా వచ్చింది, దానికే ఇంత గొడవా?" అని. ఒప్పుకోవాలి, సగం నిజమే. సంచుల్లో పోయుంటే ఈ జాబితా ఎక్కడిది? కానీ సంచి ఇచ్చేవాడికి కనీసం చట్టం భయం ఉండేది. ఇక్కడ చట్టమే తెర పట్టింది. వేణు అయినా ఒప్పుకోలేదు. "కంపెనీలు బాగుంటేనే ఉద్యోగాలు" అన్నాడు. అప్పుడు సౌమ్య అందుకుంది చూడు!

2019 సెప్టెంబరు 20. గోవాలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ విలేకరుల సమావేశం. కంపెనీల పన్ను మూల రేటు 30 నుంచి 22 శాతానికి, కొత్త కర్మాగారాలకు 15కి. ఆర్డినెన్సుతో. ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం పోతుందని ప్రభుత్వమే చెప్పింది. ఆ రోజు సెన్సెక్స్ 1,921 పాయింట్లు ఎగిరింది. 2018-19లో 6.63 లక్షల కోట్లున్న కంపెనీల పన్ను మరుసటి ఏడాది 5.57 లక్షల కోట్లకు పడిపోయింది. 2023-24కు వచ్చేసరికి వ్యక్తుల ఆదాయపు పన్ను కంపెనీల పన్నును దాటిపోయింది. జీతగాడు కంపెనీ కంటే ఎక్కువ కడుతున్నాడు! సబ్బు మీద జీఎస్టీ అయితే కూలీకైనా కంపెనీ యజమానికైనా ఒకటే శాతం. ఫలానా బాండు కొన్నందుకే ఫలానా పన్ను తగ్గిందని ఎవరూ రాసి పెట్టుకోరు, సౌమ్య కూడా అలా అనలేదు. ఆ పిల్ల అడిగింది వేరు. కంపెనీల పన్ను తగ్గించాలంటే ఒక ఆర్డినెన్సు, ఒక ప్రెస్ మీట్ చాలాయి. మరి ఉపాధి హామీ కూలీ పెంచమని అడిగేవాళ్ళు ఎన్నేళ్ళుగా ధర్నాలు చేస్తున్నారు మామయ్యా అంది. వేణు కాఫీ వైపు చూశాడు.

ఇంకో జ్ఞాపకం పట్టుకొచ్చాను నేను. 1985, నువ్వూ నేనూ కొత్తగా చేరిన రోజులు. 1969లో ఇందిరాగాంధీ నిషేధించిన కంపెనీ విరాళాలను అప్పుడే మళ్ళీ అనుమతించారు. తండ్రి ఆస్తి మీద కొడుకు కట్టే ఎస్టేట్ డ్యూటీని కూడా ఆ ఏడాదే ఎత్తేశారు. అప్పట్లో మనం సినిమాకు టికెట్లు దొరకలేదని ఏడుస్తున్నాం. సంపద పన్ను 2015లో పోయింది.

జాబితాలు బయటపడ్డ అదే వారంలో, మార్చి 18న, వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అధ్యయనం వచ్చింది. దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గర. కింది సగం జనానికి ఆదాయంలో దక్కేది 15 శాతం. సౌమ్య ఆ పట్టికనూ బాండ్ల జాబితానూ తెర మీద పక్కపక్కన పెట్టింది. తీర్పులోనూ ఈ మాట ఉంది: డబ్బుకూ రాజకీయానికీ ఉన్న ముడివల్ల ఆర్థిక అసమానత రాజకీయ అసమానత అవుతుంది, విరాళం ఇచ్చినవాడికి చట్టాలు చేసేవాళ్ళ దగ్గర కూర్చునే చోటు దొరుకుతుంది అని. నీకు కోపం వస్తుందో లేదోగానీ నాకు మాత్రం రాత్రి రెండింటికి లేచి మంచినీళ్ళు తాగాల్సినంత వచ్చింది. మన సర్వీసంతా కష్టజీవి దగ్గర సాక్షి సంతకాలు అడిగాం, వేలిముద్రలు అడిగాం. పెద్దవాడికి వచ్చేసరికి... పోనీలే, అది మొదలుపెడితే ఇంకో దస్తా కాగితం కావాలి.

ఇప్పుడేమవుతోందో తెలుసా? బాండ్లు పోయాక సొమ్ము ఎలక్టొరల్ ట్రస్టుల దారి పట్టింది. 2013 నుంచీ ఉన్నవే. అక్కడ ఏ కంపెనీ ట్రస్టుకు ఎంత ఇచ్చిందో చెబుతారు, ట్రస్టు ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో చెబుతారు. కానీ చాలామంది డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయాక ఎవరి రూపాయి ఎవరికి చేరిందో మళ్ళీ మన బ్యాంకులో లెక్క తేలని సొమ్ము వేసే సస్పెన్స్ అకౌంటు లాగే... సౌమ్య దీని మీద ఇంకో పట్టిక వేస్తానంటోంది, అది చూశాక

వేణు వచ్చాడు. మీ ఊరి మీదుగానే వెళ్తున్నాడు, బస్సుకు టైమైందట, ఉత్తరం చేతికే ఇవ్వమంటున్నాడు. మళ్ళీ చదివి దిద్దే తీరిక లేదు. పింఛను కాగితం నకలు అతనికిచ్చి పంపు, మరిచిపోకు.

నీ
చలపతి