ఎడమచేత్తో అక్షింతలు

నల్లకుంట, హైదరాబాద్

చి. సౌ. కల్యాణికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి షుగర్ అదుపులోనే ఉంది. కింది వాటా వాళ్లు ఖాళీ చేశారు. నువ్వు వీడియో కాల్ చేసి 20 రోజులైంది, ఆఫీసులో పని ఎక్కువేమో. టైప్ చేయడం కూడా మానేసి అన్నీ వాయిస్ మెసేజ్‌లే పెడుతున్నావు. సరేలే.

మొన్న సరళ పిన్ని జంతికలు పట్టుకొచ్చింది. బెంగళూరు పెళ్లిలో నువ్వు ఎడమచేత్తో అక్షింతలు వేశావని, కుడిచేయి శాలువాలోంచి బయటికే తీయలేదని చెప్పింది. చలేమో అన్నాను.

మన నల్లా ఇప్పటికీ రోజు విడిచి రోజే. ఆ చప్పుడు వింటే మీ నానమ్మే గుర్తొస్తుంది. నువ్వప్పుడు ఇంటర్. తెల్లారగట్ల 4 గంటలకు బిందె పట్టుకుని పరుగెత్తింది, సంపు దగ్గర పాచి మీద జారింది. పెద్ద దెబ్బేం కాదు, కూలబడింది, అంతే. కానీ లేవలేకపోయింది. కుడికాలు పొట్టిగా అయిపోయి, పాదం బయటికి వాలిపోయి ఉంది. బెణికిందన్నారు నాన్నగారు. మూడు రోజులు నువ్వుల నూనె కాచి మర్దన చేశాం. చేసింది నేనే. ఆ మూడు రోజులూ ఆవిడ పళ్ల బిగువున ఓర్చుకుంది, మనల్ని ఇబ్బంది పెట్టకూడదని. మీ వంశంలో ఈ గుణం ఎక్కడికి పోతుంది!

ఎక్స్‌రే చూసి డాక్టరు కాగితం మీద బొమ్మ గీశాడు. తొడ ఎముకకు పైన గుండు, దాని కింద మెడ, ఆ కింద రెండు బుడిపెలు. విరిగింది మెడ. గుండుకు రక్తం ఎక్కువగా ఆ మెడ మీదుగానే వెళ్తుందట. అక్కడ విరిగి పక్కకు జరిగితే గుండుకు రక్తం అందదు, ఆ వయసులో అతుకుతుందన్న నమ్మకం తక్కువ. అందుకే తీసేసి లోహపు గుండు పెట్టారు. పోయినేడు మన పద్మ అత్తగారికి విరిగింది బుడిపెల దగ్గర. అక్కడ రక్తం బాగా ఆడుతుంది కాబట్టి లోపల రాడ్డు వేసి స్క్రూలు బిగిస్తే అతికింది. మనం మాత్రం రెండింటినీ తుంటి విరిగిందనే అంటాం. ఏది విరిగినా ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలట, మంచానికి అంటుకుపోతే నిమ్ము, పుండ్లు. మేం మూడు రోజులు నూనె రాశాం. వాకర్‌కి వక్కల సంచి తగిలించుకుని ఆవిడ నడిచింది కాబట్టి సరిపోయింది.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఇంతకుముందు ఎప్పుడైనా చెయ్యి విరిగిందా అని. ఆరేళ్ల ముందు మణికట్టు విరిగింది, నాటుకట్టు కట్టించి మరిచిపోయాం. ఎముకలు గుల్లబారుతున్నాయని అప్పుడే కనిపెట్టాల్సింది అన్నాడు.

నిన్నేమీ అడగడం లేదు. కానీ నీకు 48. నెలసరి ఆగి రెండేళ్లయిందని నువ్వే చెప్పావు, ఆగిన తొలి ఏళ్లలోనే ఎముక త్వరగా కరుగుతుంది. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించుకో. సూదీ గీదీ ఉండదు, కాసేపు కదలకుండా పడుకుంటే చాలు. అందులో టీ స్కోరని ఒక అంకె ఇస్తారు, అది మైనస్ 1 దాకా ఫర్వాలేదు. మైనస్ 2.5కి దిగిందంటే గుల్లబారినట్టే. విటమిన్ డి కూడా చూపించుకో, పొద్దంతా ఏసీలో కూర్చునే దానివి. బాత్రూమ్‌లో ఆ నున్నటి టైల్స్ వద్దని గృహప్రవేశం నాడే మొత్తుకున్నాను.

నాది తుంటి దగ్గర మైనస్ 2.7. కంగారు పడతావని చెప్పలేదు. ప్రతి ఆదివారం పరగడుపున మాత్ర వేసుకుని, గ్లాసుడు నీళ్లు తాగి, అరగంట నిటారుగా కూర్చుంటున్నాను. అప్పటిదాకా కాఫీ కూడా లేదు. అమ్మే చెప్పలేదు, నేనెందుకు చెప్పాలి అని మాత్రం అనకు.

రాగిపిండి, సున్నుండలు పంపుతున్నాను. డబ్బా మూత నాన్నగారు బిగించారు, నువ్వు తిప్పకు, అల్లుడుగారిని తీయమను. అందగానే నాలుగు ముక్కలు కాగితం మీద నీ చేత్తో రాసి ఫోటో తీసి పంపు. నీ దస్తూరీ నాకు తెలుసు.

అమ్మ