కొట్టు లేని చట్టం

అయ్యా,

కెనడాలో గంజాయి అమ్మకాన్ని అనుమతిస్తూ చట్టం రాగానే దొంగ వ్యాపారం మూతపడిందని మనవాళ్లు కొందరు అంటుంటారు. అంత సులువుగా ఏమీ జరగలేదు. 2018 అక్టోబరు 17న చట్టం అమలైన రోజు మా ఒంటారియో రాష్ట్రంలో అనుమతి ఉన్న కొట్టు ఒక్కటీ లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్లో ఆర్డర్ పెట్టి పోస్టు కోసం చూడాలి. సరిగ్గా ఆ నెలలోనే తపాలా ఉద్యోగుల సమ్మె! పాత అమ్మకందారుకు సమ్మె ఏముంది, ఫోన్ చేస్తే గుమ్మంలోకే తెచ్చిస్తాడు.

2019లో లాటరీ తీసి మొదటి విడతగా 25 లైసెన్సులిచ్చారు. కోటీ నలభై లక్షల జనాభాకు అవేం సరిపోతాయి? ధర మరీ అన్యాయం. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వ గణాంక సంస్థ స్టాటిస్టిక్స్ కెనడా లెక్క ప్రకారం చట్టబద్ధమైన సరుకు గ్రాము 10 డాలర్ల పైన, దొంగ సరుకు 6 డాలర్ల లోపు. గ్రాముకు కనీసం ఒక డాలరు ఎక్సైజు, దానిపై అమ్మకపు పన్ను. దొంగవాడికి ఇవేవీ లేవు కదా. కొట్లు పెరిగి, ధర దిగాకే జనం చట్టబద్ధమైన సరుకు వైపు మళ్లారు.

మా మిసిసాగా నగరపాలక మండలి అయితే 2023 దాకా కొట్లే వద్దంది. నేను వాడను కానీ, ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కితే చాలు, సరుకు ఊళ్లోకి వస్తోందో లేదో ముక్కుకే తెలిసేది.

– ఒక పాఠకుడు, మిసిసాగా