పొట్టివాడని పక్కన కూర్చోబెట్టకండి

సంపాదకుల వారికి,

ఇంగ్లండ్ రగ్బీ లీగ్ ఆటగాడు రాబ్ బరో అనగానే చాలామందికి చక్రాల కుర్చీలోని మనిషే గుర్తొస్తాడు. 2019 డిసెంబరులో, నరాలు దెబ్బతిని కండరాలు క్రమంగా చచ్చుబడే మోటార్ న్యూరాన్ వ్యాధి బయటపడింది. 2024 జూన్ 2న, 41 ఏళ్లకే కన్నుమూశాడు. తోటి ఆటగాడు కెవిన్ సిన్‌ఫీల్డ్ ఆయన కోసం 2020లో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరుగెత్తాడు. కళ్లు చెమర్చే సంగతులే. కానీ ఆ జబ్బు సంగతే చెప్పుకుంటూ ఆయన ఆటను వదిలేస్తున్నాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కబడ్డీ నేర్పే మాకైనా, బడుల్లో జట్లు కట్టే పీఈటీలకైనా పనికొచ్చేది ఆ ఆటే.

బరో ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 67 కిలోలు. ఆడింది రగ్బీ లీగ్. మన సీనియర్ కబడ్డీలో 85 కిలోలు దాటిన పురుషుణ్ణి బరిలోకే రానివ్వరు. అక్కడ అలాంటి పరిమితి ఏమీ లేదు. ముందు వరసలో ఆడేవాళ్లు వంద కిలోలు దాటి ఉంటారు. వాళ్ల మధ్య 2001 నుంచి 2017 దాకా లీడ్స్ రైనోస్ ఒక్క క్లబ్బుకే 492 మ్యాచులు ఆడాడు. అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన సూపర్ లీగ్ టైటిళ్లు ఎనిమిది గెలిచాడు. ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే హ్యారీ సండర్లాండ్ ట్రోఫీ 2007లో ఒకసారి, 2011లో ఒకసారి ఆయనకే దక్కింది.

కిటుకు ఆ ఆట నియమాల్లోనే ఉంది. ఒక్కో వైపు 13 మంది, 80 నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. బంతి ఉన్న జట్టును ఆరుసార్లు పట్టి పడేస్తే బంతి అవతలివాళ్లకు పోతుంది. పడ్డవాడు ప్రతిసారీ లేచి, బంతిని నేల మీద పెట్టి కాలితో వెనక్కి దొర్లించాలి. ఆ సమయంలో ఎదురుగా నిలబడే ఇద్దరు తప్ప అవతలి జట్టంతా పది మీటర్లు వెనక్కి పోవాలి. వెనక్కి అడుగులేస్తున్న వంద కిలోల మనిషికి బరువంతా మడమల మీద ఉంటుంది. ఉన్నపళాన ఆగలేడు, పక్కకు తిరగలేడు. బరో బంతిని నేల మీద నుంచి ఎత్తి దూసుకుపోయేది సరిగ్గా అప్పుడే.

2011 ఫైనల్ ఓల్డ్ ట్రఫర్డ్‌లో జరిగింది, ప్రత్యర్థి సెయింట్ హెలెన్స్. బెంచీ మీద నుంచి వచ్చిన బరో, పట్టబోయిన చేతుల కింద నుంచి తల వంచి దూరాడు. చివర కాపలా ఉన్న ఫుల్‌బ్యాక్‌ను కూడా దాటేసి ట్రై చేశాడు, అంటే అవతలి గీత దాటి బంతిని నేలకు తాకించి పాయింట్లు తెచ్చాడు. లీడ్స్ 32-16తో గెలిచింది. కబడ్డీ ఎరిగినవాళ్లు ఆ వీడియో చూస్తే ఇది మన డుబ్కీయే కదా అంటారు.

ఎంపిక రోజున గోడకు నిలబెట్టి ఎత్తు చూసి, పొట్టి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. పొడుగువాడికి చెయ్యి అందుతుంది, కాదనం. అయితే పురుషుల కోర్టులో మధ్య గీత నుంచి, కూతగాడు తప్పక దాటాల్సిన బాక్ లైనుకు 3.75 మీటర్లు, బోనస్ గీతకు మరో మీటరు. కూతకు వెళ్లినవాడి పరుగంతా అంతే. ఆ దూరంలో పొడుగు కాలు పూర్తిగా సాగే లోపే వెనక్కి తిరగాలి. కాబట్టి చూడాల్సింది తిరుగుడు. అయిదు మీటర్ల దూరంలో గీత గీసి, మూడుసార్లు వెళ్లి తాకి రమ్మనండి. ఒకసారి కుడికాలి మీద, ఒకసారి ఎడమకాలి మీద తిరిగేలా చూడండి. ఒక కాలి మీదే తిరిగేవాణ్ణి రెండో కూతకల్లా అవతలి జట్టులో చివరన నిలబడే కార్నర్ ఆటగాడు పసిగట్టేస్తాడు.

డుబ్కీ నేర్పేటప్పుడు జరిగే పెద్ద తప్పు నడుము దగ్గర వంచడం. మోకాళ్లు బిగుసుకుని నడుము మాత్రమే వంగితే పిల్లవాడు మొహం మీద పడతాడు, లేదా పైనున్నవాడు వీపు మీద కూర్చుంటాడు. ముందు మోకాళ్లు వంగాలి. చూపు నేల మీద కాదు, మధ్య గీత మీద ఉండాలి. వెనక కాలి మునివేళ్లతో నేలను తన్ని ముందుకు పోవాలి. చేతులు పట్టుకుని కలిసి పట్టే ఆటగాళ్ల చైన్ దగ్గరకు వచ్చి పట్టు కోసం చేతులు లేచినప్పుడే వంగాలి. ముందే వంగితే వాళ్లూ వంగుతారు. రెండు కర్రలకు నడుమెత్తున తాడు కట్టి రోజూ ఇరవైసార్లు దూరమనండి. తాడు తగలకుండా వస్తుంటే నాలుగు వేళ్లు దించండి.

పట్టు దగ్గరా ఇంతే. చిన్నవాడు పెద్దవాడి ఛాతీకి వెళితే ఎగిరిపోతాడు. తొడకు గానీ మడమకు గానీ వెళ్లాలి. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది, అది తల పెట్టే చోటు. తల ఎప్పుడూ కూతగాడి వెనక వైపు, చెవి అతని తుంటికి ఆనుకుని ఉండాలి. భుజం ముందు తగలాలి, తర్వాత చేతులు చుట్టుకోవాలి. తల ముందుకు పోయిందా, మోకాలు వచ్చి కణతకు తగులుతుంది. పట్టేవాడి పాదం దూరంగా ఉండిపోయినప్పుడే ఇది ఎక్కువ జరుగుతుంది. అడుగు దగ్గరగా వేయకుండా శరీరాన్ని విసిరితే తల వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, మెడకు రక్షణ ఉండదు.

బరో జబ్బు ఆటలో తగిలిన దెబ్బల వల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేదు, మేమూ అనడం లేదు. తలకు తగిలే దెబ్బ మాత్రం మన చేతిలో ఉన్న విషయం. సూపర్ లీగ్‌లో అనుమానం వస్తే ఆటగాణ్ణి బయటికి తీసుకెళ్లి పరీక్షిస్తారు. మన సంక్రాంతి పోటీల్లో మొహాన నీళ్లు కొట్టి, ‘ఏం కాదులేరా’ అని మళ్లీ లోపలికి తోస్తున్నారు. పన్నెండు మంది జట్టులో అయిదుగురు రిజర్వులు ఉంటారు గదా, ఆ తొందర ఎందుకు? కళ్లు తిరగడం, వాంతి, స్కోరు గుర్తులేకపోవడం, తూలడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజుకి అతని ఆట అయిపోయినట్టే. డాక్టరు చూసి సరేనన్నాక మొదట నడక, తర్వాత పరుగు, ఆ తర్వాత ఒంటరి సాధన, చివరికే పట్టు. మెట్టుకు ఒక రోజైనా ఇవ్వాలి. తలనొప్పి తిరిగొస్తే ఒక మెట్టు వెనక్కి రావాలి.

వచ్చే పోటీలు పెట్టే ఊరి కమిటీలకు ఒక్క మనవి. మెడ నొప్పి అన్న పిల్లవాణ్ణి చంకల్లో చేతులేసి లేపకండి, బండి మీద ఎక్కించకండి. 108 వచ్చేదాకా ఒకరు తల వైపు మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులతో తల కదలకుండా పట్టుకోవాలి. ఆ పని ఎవరు చేయాలో పోటీ మొదలయ్యే ముందే పేరు పెట్టి చెప్పండి.

– కొందరు కబడ్డీ శిక్షకులు, ఒంగోలు