గజ్జల్లో పొక్కులు, లోపలికి పెరిగే వెంట్రుకలు: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

మర్మాంగాల దగ్గర మళ్లీ మళ్లీ వచ్చే పొక్కుల గురించి పేరు లేకుండా చీటీలు రాసి డబ్బాలో వేసిన హాస్టల్ అక్కచెల్లెళ్లకు, ఒక్క చీటీ కూడా పక్కన పెట్టకుండా జవాబిచ్చిన చర్మవ్యాధుల డాక్టరమ్మ గారికి, దగ్గరుండి చూపించిన నర్సు అక్కకు మా ఆరోగ్య బృందం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

ఇది శుభ్రత లేక వచ్చేది కాదని డాక్టరమ్మ ముందే చెప్పడంతో చాలామందికి మనసు తేలికపడింది. అసలు చిక్కు మరీ నున్నగా గీయడంలో ఉంది. రెండు, మూడు బ్లేడ్ల రేజర్‌లో ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, వెనక బ్లేడు కోస్తుంది. తెగిన మొన చర్మం కిందికి జారుతుంది. అక్కడి వెంట్రుకలు వంకీలు తిరిగినవి కాబట్టి, ఆ పదునైన మొన పెరిగేటప్పుడు బయటికి రాకుండా పక్కకి గుచ్చుకుంటుంది. ముల్లు దిగినట్టే అక్కడ వాచి, ఎర్రబడుతుంది. వ్యాక్సింగ్‌లో వెంట్రుక మధ్యలో తెగినా ఇదే గతి.

అందుకే పొక్కులు తగ్గేదాకా, సుమారు నెల రోజులు, ఏదీ గీయొద్దు. తర్వాత ట్రిమ్మర్‌తో 1 నుంచి 3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించుకుంటే చాలు. గీయక తప్పదంటే గోరువెచ్చని నీళ్లతో స్నానం చేశాక, జెల్ రాసి, ఒకే బ్లేడున్న రేజర్‌తో, వెంట్రుక వాలిన వైపుకే. చర్మం లాగిపట్టొద్దు, ఒకచోటే పదేపదే గీయొద్దు.

నర్సు అక్క చూపించిన కాపడం: శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, 10–15 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. చర్మం మీద వెంట్రుక ఉంగరంలా కనిపిస్తే స్పిరిట్‌తో తుడిచిన సూదితో ఆ ఉంగరాన్ని పైకి లేపి వదిలేయాలి. పీకితే కొత్తది మళ్లీ లోపలే పెరగొచ్చు. కనిపించకపోతే తవ్వొద్దు, చిదమొద్దు, మిగిలేది నల్లమచ్చే. చిన్న చీము పొక్కులకు బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్, 2.5 లేదా 5 శాతం, బయటి చర్మానికే రాసి ఒకటి రెండు నిమిషాల్లో కడిగేయాలి. లోపలి సున్నితమైన భాగానికి తగలకూడదు. రంగు తువ్వాళ్లు వెలిసిపోతాయి, తెల్లది వాడండి.

డాక్టరు మందుల చీటీ లేనిదే స్టెరాయిడ్ కలిసిన క్రీము ఇవ్వనన్న మందుల షాపు అన్నకు వేరుగా దండం పెట్టాలి. ఆ క్రీముతో ఎరుపు తొందరగా తగ్గుతుంది, నిజమే. వాడుతూ పోతే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఒకవేళ అది తామర (ఫంగస్ వల్ల వచ్చేది) అయితే గుర్తుపట్టలేనంతగా మారి పాకుతుంది.

నడుమ గుంటపడిన గట్టి పొక్కులు మొలస్కమ్ అనే వైరస్ పొక్కులు కావచ్చు. గీస్తే ఇంకా వ్యాపిస్తాయి. మంటతో గుంపుగా లేచే నీటి పొక్కులకు హెర్పిస్ పరీక్ష కావాలి. ఎరుపు పాకుతూ జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

"చంకల్లో కూడా వస్తున్నాయి, మానినచోటే మళ్లీ కారుతోంది" అని చీటీ చివర రెండు ముక్కలు ఎక్కువ రాసిన చెల్లీ, నీకు మరీ మరీ కృతజ్ఞతలు. ఆ మాటలు చూసే డాక్టరమ్మ హైడ్రాడినైటిస్ సప్పురేటివా అనే దీర్ఘకాలిక చర్మవ్యాధి గురించి విడిగా చెప్పారు. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద సెగగడ్డలు వస్తూపోతూ మచ్చలు మిగులుతుంటే వెంట్రుకల మీద నెపం పెట్టి ఆగిపోవద్దు. చర్మ వైద్యులకు చూపించి, షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.